ఎకరం పది సెంట్లు: ఇళ్ళ స్థలాల భూసేకరణలో నా అనుభవం

2020 సంక్రాంతి. కనుమ మర్నాడు గ్రామ సచివాలయం నుంచి ఫోను వచ్చింది. "మేడమ్ గారూ, మీ పేరు మీదున్న ఎకరం పది సెంట్లు ఇళ్ళ స్థలాల ప్రతిపాదనలో ఉంది. ఒకసారి వచ్చి మాట్లాడతారా?" అన్నారు గ్రామ రెవెన్యూ అధికారి. గొంతులో మర్యాద ఉంది, తొందర కూడా ఉంది. ఉగాదికల్లా పట్టాలు చేతిలో పెట్టాలని పైనుంచి గడువు పెట్టారట.

ఆ పొలం మా అమ్మ నాకు పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. మాది పశ్చిమ గోదావరి డెల్టాలో భీమవరానికి అటుగా ఉన్న చిన్న ఊరు. విజ్జేశ్వరం దగ్గర బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలువ నీళ్ళు ఎన్నో లాకులు దాటి మా బోదెలోకి, అంటే పొలాలకు నీరు పంచే పిల్ల కాలువలోకి వస్తాయి. రెండు పంటల మాగాణి. కాలం కలిసొస్తే వానాకాలపు పంట సార్వాకు ఎకరానికి ముప్పై బస్తాలు, వేసవికి కోసే రెండో పంట దాళ్వాకు నలభై అయిదు. నేను పక్క మండలంలో హైస్కూలు టీచరుని. పొలం పదకొండేళ్ళుగా ఒక్కరే కౌలుకు చేస్తున్నారు. ఆయన్ని నేను బాబాయి అని పిలుస్తాను, ఆయన నన్ను అమ్మాయి గారూ అంటారు.

ఫోను పెట్టగానే నాకు వచ్చింది కోపం. అమ్మ ఇచ్చిన నేల అన్న మమకారం ఒకవైపు, పచ్చటి మాగాణిలో ఇళ్ళు కట్టడమేమిటన్న ఆవేశం మరోవైపు. ఆ సాయంత్రమే బాబాయి ఇంటికి వెళ్ళాను. ఆయన కూడా నాలాగే రగిలిపోతారనుకున్నాను.

ఊరి పేటలో ఆయన ఇల్లు రెండు గదుల పాతకాలపు ఇల్లు. అందులో ఆయన, పిన్ని, ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, నలుగురు పిల్లలు. పెద్ద కొడుకు కుటుంబానికి ఒక గది. రెండో గదికి మధ్యలో చీర కట్టి రెండు భాగాలు చేశారు. నేను చెప్పింది విని బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా చిన్నవాడి పేరు కూడా జాబితాలో ఉందమ్మాయి గారూ" అన్నారు.

అంటే ఆయన కౌలు చేసే పొలం పోతుంది. అదే పొలంలో ఆయన కొడుక్కి సెంటున్నర వస్తుంది. ఇందులో ఆయన దేన్ని కోరుకోవాలి? ఆ ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. నా కోపం పోలేదు కానీ, దాన్ని ఎవరి మీద చూపాలో తెలియకుండా పోయింది.

ఇక్కడ పథకం గురించి కొంచెం చెప్పాలి. ఇల్లు లేని ప్రతి పేద కుటుంబానికీ స్థలం ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం అప్పుడు తలపెట్టింది. పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు. రాష్ట్రం మొత్తం మీద దాదాపు 30 లక్షల కుటుంబాల లెక్క అది. సెంటున్నర అంటే 72.6 గజాలు. ఎకరంలో రోడ్లకూ మురుగు కాలువలకూ ఉమ్మడి అవసరాలకూ నలభై సెంట్లు పోతే మిగిలిన అరవై సెంట్లలో నలభై ఇళ్ళు పడతాయి. మా ఊరి జాబితాలో 186 పేర్లు ఉన్నాయి. ఊరికి దక్షిణాన, మురుగు కాలువను ఆనుకుని అయిదెకరాలు ఒకే చెక్కగా చూశారు. అందులో అయిదుగురు రైతుల భూములున్నాయి. నాది నడిమి ముక్క.

ఫిబ్రవరిలో గ్రామసభ పెట్టారు. అప్పటికి మా ఊరికి సర్పంచి లేరు. రాష్ట్రంలో పంచాయతీల పదవీకాలం 2018 ఆగస్టులోనే ముగిసింది, మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 ఫిబ్రవరిలో. కాబట్టి మా సభకు అధ్యక్షత వహించింది ప్రత్యేకాధికారి. మూడు ఊళ్ళ బాధ్యత ఆయన ఒక్కడిదే. ఏ బోదె ఎటు పారుతుందో తెలియని మనిషి ముందు మా ఊరు తన భవిష్యత్తు గురించి వాదించుకుంది. ఇంత పెద్ద నిర్ణయం జరిగిన ఏడాదంతా ఊరు ఎన్నుకున్న మనిషి ఒక్కరూ లేకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

బడి ఆవరణలో వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. రైతులు ముందు వరుసలో కూర్చున్నారు. జాబితాలో పేర్లున్నవాళ్ళు వెనక నిలబడ్డారు, ఎక్కువమంది ఆడవాళ్ళే. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచి అన్నం పెట్టే భూమిని పూడ్చి ఇళ్ళు కడితే రేపు తినేది మట్టేనా అని గట్టిగా మాట్లాడారు. చప్పట్లు పడ్డాయి, నేనూ కొట్టాను. అప్పుడు వెనక నుంచి ఒకావిడ, మా బడిలో ఒకప్పుడు మధ్యాహ్న భోజనం వండిన ఆవిడే, ముందుకు వచ్చి, "అయ్యా, మీ పన్నెండెకరాల మాగాణిని చేపల చెరువులు తవ్వించారు కదా. ఆ రోజు గ్రామసభ ఎందుకు పెట్టలేదు? ఆ రోజు అన్నం గుర్తు రాలేదా?" అని అడిగింది.

సభ నిశ్శబ్దమైపోయింది. ఆవిడ అడిగినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. మా చుట్టుపక్కల ఊళ్ళలో వరి పొలాలు చెరువులై పోవడం నా కళ్ళతో చూశాను. ఆక్వాలో డబ్బుంది, ఎవరి భూమి వారిష్టం అనుకున్నాం. ఒక్కో చెరువు గట్టు లేచినప్పుడల్లా పక్క పొలం నీరు పోయే దారి మూసుకుపోయింది. కౌలు చేసుకునేవాళ్ళకు పొలం దొరకడం కష్టమైంది. అప్పుడు ఎవరమూ మాట్లాడలేదు. పేదవాళ్ళ ఇళ్ళ మాట వచ్చేసరికి మాగాణి మీద మాకందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. నేను చప్పట్లు కొట్టిన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సభ అయ్యాక బాబాయి నా దగ్గరికి వచ్చి మెల్లగా ఒక మాట చెప్పారు. "ఇళ్ళు కావాలమ్మా. కానీ ఈ చెక్కలో వద్దని చెప్పండి. నీళ్ళు నిలబడతాయి. మీరు చెబితే వింటారు." ఆయనెందుకు సభలో చెప్పలేదని అడిగాను. "చెబితే, స్థలం వద్దంటున్నాడని మా వాడి పేరు కొట్టేస్తే?" అన్నారు.

మొదట నేను పట్టుకున్న ఆయుధం చట్టం. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టాన్ని సంపాదించి చదివాను. పదో సెక్షను చూసి సంబరపడిపోయాను. నీటి వసతి ఉండి ఒకటికి మించి పంటలు పండే భూమిని తప్పనిసరి పరిస్థితుల్లో, చివరి మార్గంగా తప్ప తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. అంతకు ముందు సామాజిక ప్రభావ అధ్యయనం జరగాలి, ఊరి మాట వినాలి. ఇంకేముంది, గెలిచినట్లే అనుకుని భీమవరంలో వకీలుగా ఉన్న నా చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికి వెళ్ళాను.

ఆమె నా కాగితాల దొంతర చూసి ఒక్క ప్రశ్న అడిగింది: "రాష్ట్ర సవరణ చదివావా?" చదవలేదు. ఆంధ్రప్రదేశ్ 2018లో ఈ చట్టానికి సవరణ తెచ్చి 10ఎ అనే సెక్షను చేర్చింది. పేదల ఇళ్ళ వంటి కొన్ని పనులకు రెండో అధ్యాయాన్నీ మూడో అధ్యాయాన్నీ వర్తించకుండా మినహాయించే అధికారం దానివల్ల ప్రభుత్వానికి వచ్చింది. సామాజిక ప్రభావ అధ్యయనం రెండో అధ్యాయంలో ఉంది, రెండు పంటల భూమికి రక్షణ ఇచ్చే పదో సెక్షను మూడో అధ్యాయంలో ఉంది. నేను పట్టుకున్న కత్తికి పిడి తప్ప మరేమీ మిగల్లేదు. తెలంగాణలో కూడా అంతకు ముందు ఏడాదే ఇలాంటి సవరణ వచ్చిందని ఆమె చెప్పింది.

ఈ విషయంలో నా అభిప్రాయం దాచుకోను. పేదలకు ఇళ్ళు తొందరగా రావాలన్న కోరిక మంచిదే. కానీ సామాజిక ప్రభావ అధ్యయనం అనేది రైతుకు మాత్రమే ఉన్న రక్షణ కాదు. ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళకు కూడా అదే రక్షణ. ఈ నేల ఇంటికి పనికొస్తుందా, నీరు ఎటు పోతుంది, కౌలుదారుడి సంగతేమిటి అని ఎవరో ఒకరు ఊళ్ళో కూర్చుని అడిగే ఏర్పాటు అది. దాన్ని తీసేశాక ఆ ప్రశ్నలు అడిగే బాధ్యత ఎవరి మీదా లేకుండా పోయింది.

"ఇంకా ఒక దారి ఉంది. పదిహేనో సెక్షను ఎక్కడికీ పోలేదు. నోటిఫికేషను వచ్చిన 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పు. నిన్ను పిలిచి విని తీరాలి. పొలం ఇవ్వను అని రాయకు. ఈ నేల ఇళ్ళకు ఎందుకు పనికిరాదో రాయి" అంది నా స్నేహితురాలు. ఆ ఒక్క సలహా నా మొత్తం ఆలోచనను మార్చింది.

మార్చిలో నోటిఫికేషను వచ్చింది. సచివాలయం గోడకు అంటించారు, పత్రికల్లో వేశారు. ఆ నెలాఖరుకల్లా లాక్‌డౌన్. బడులు మూతపడ్డాయి, ఉగాది పట్టాల పంపిణీ వాయిదా పడింది. పొలం పనులకు మాత్రం అనుమతి ఉంది. దాళ్వా కోతల వేళ నేను మాస్కు కట్టుకుని, బాబాయి వెంట ఆ అయిదెకరాల గట్లన్నీ తిరిగాను.

ఆ నడకలో నేర్చుకున్నది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. చూడటానికి పొలమంతా బల్లపరుపుగా ఉంటుంది. బాబాయి మాత్రం అడుగడుగునా తేడా చెప్పారు. ఫలానా గట్టు దగ్గర తుంగ ఎంత పీకినా మళ్ళీ వస్తుంది, అంటే అక్కడ తడి ఆరదు. ఫలానా మడిలో ఎప్పుడూ నారు పోయరు, పోస్తే రెండు వానలకే కుళ్ళిపోతుంది. మోటారు షెడ్డు గోడ మీద నీటి చారలు చూపించారు, నా మోకాలి పైకి వచ్చింది ఒకటి. మురుగు కాలువ నిండుగా పారుతున్నప్పుడు పొలం నీరు అందులోకి దిగదు, పైగా కాలువ నీరే తూము గుండా వెనక్కి పొలంలోకి తన్నుతుంది. మా కాలువ పోయి కలిసేది యనమదుర్రు డ్రెయిన్‌లో. అది నిండితే ఇది కదలదు. కాలువను ఆనుకున్న ఎకరం ఇరవై సెంట్లు అన్నిటికన్నా పల్లం.

ఈ మాటలకు కాగితం బలం కావాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేశాను. మండల స్థాయి కార్యాలయమైతే రుసుము 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అసలు లేదు, పై కార్యాలయాలకు 10 రూపాయలు. నేను అడిగినవి రెండే: ఈ చెక్కకు నేల మట్టాల సర్వే జరిగిందా, జరిగితే నకలు ఇవ్వండి. డ్రైనేజీ విభాగం అభిప్రాయం తీసుకున్నారా, తీసుకుంటే దాని నకలు ఇవ్వండి. గడువు దాటి, ఒకసారి గుర్తుచేశాక జవాబు వచ్చింది. మట్టాల సర్వే లేదు. డ్రైనేజీ విభాగానికి లేఖ రాయలేదు. అర పేజీ కాగితం అది. ఈ గొడవ మొత్తంలో నా చేతికి దొరికిన విలువైన ఆస్తి అదే.

అభ్యంతర పత్రం ఎలా రాశానో వివరంగా చెబుతాను, ఎవరికైనా పనికిరావచ్చు. మొదటి పంక్తిలోనే నోటిఫికేషను తేదీ, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం రాశాను. అమ్మ గురించి, పసుపు కుంకుమ గురించి మొదటి ముసాయిదాలో ఒక పేజీ ఉంది, ఏడుస్తూ రాసిన పేజీ. దాన్ని తీసి బీరువాలో పెట్టాను. మిగిలింది నీటి గురించి. సమాచార హక్కు జవాబు నకలు, నీటి చారల ఫోటోలు జతచేశాను. చివర్లో, ఇళ్ళు ఇవ్వవద్దని నేను కోరడం లేదు, ఊళ్ళో మెరక భూమి చూడమని కోరుతున్నాను అని రాశాను. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను. ఆ ముద్ర లేకపోతే కాగితం ఇచ్చినట్లు కాదు.

విచారణ జూలైలో జరిగింది. అధికారి ఓపిగ్గానే విన్నారు. ఫోటోలు తిరగేసి, "టీచరు గారూ, మీరు చెప్పింది అర్థమైంది. మెరక ఎక్కడుందో చెప్పండి, చూస్తాం" అన్నారు.

మా ఊళ్ళో మెరక ఎక్కడుందో అందరికీ తెలుసు. తారు రోడ్డు పక్కన కొబ్బరిచెట్లున్న మూడెకరాల దిబ్బ. ఎంత వానకైనా అక్కడ చెప్పులు తడవవు. ఊరికి దగ్గర, బడికి దగ్గర, బస్సు అక్కడే ఆగుతుంది. ముగ్గురి పేర్ల మీద ఉంది అది. అందులో ఒకరు మా అన్నయ్య.

నేను ఆ గదిలో ఆ మాట చెప్పాను. "రోడ్డు వారగా ఉన్న మెరక చూడండి" అన్నాను. సర్వే నంబరు చెప్పలేదు. నోటి చివరి దాకా వచ్చింది, చెప్పలేకపోయాను. ఆ మాత్రం చెప్పినందుకే అన్నయ్య ఆ రాత్రి ఫోను చేశాడు. "నీ పొలం కాపాడుకోవడానికి నా పొలం చూపిస్తావా? రోడ్డు పక్క భూమి విలువ నీకు తెలుసా?" అన్నాడు. తెలుసు. నాకే కాదు, ఎంపిక చేసినవాళ్ళకు కూడా తెలుసు. అందుకే అయిదెకరాలు వెతికిన ఏ జాబితాలోనూ ఆ దిబ్బ పేరు లేదు. ఆ రాఖీకి నేను వెళ్ళలేదు, వాడు రమ్మనలేదు.

అసలు విషయం అక్కడ ఉంది. ఊరంతా ఇళ్ళా, పొలాలా అని వాదించుకుంటోంది. రైతుకూ పేదవాడికీ తగాదా అన్నట్లుగా గ్రామసభ నడిచింది. కానీ మెరక మాట ఎవరూ ఎత్తలేదు. చర్చ మొదలు కాకముందే అది పక్కకు తప్పుకుంది. మిగిలిన పల్లంలో నష్టం రైతుదా, ఇల్లు కట్టుకునేవాడిదా అన్నదే మాకు వదిలిన ప్రశ్న.

అక్టోబరు 13న కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటింది. మా డెల్టా అంతా మూడు రోజులు ముంచెత్తింది. కోతకు సిద్ధమవుతున్న సార్వా చేను పడిపోయింది. నాలుగో రోజు వాన తగ్గాక నేనూ బాబాయీ వెళ్ళి చూస్తే కాలువ పక్క ఎకరం ఇరవై సెంట్లు చెరువులా ఉంది. మా ముక్కలో మోకాళ్ళ లోతు. బాబాయి పడిన చేనుని చూడకుండా నీళ్ళలోకి దిగి, కర్ర పాతి, "ఫోటో తీయండమ్మా, కర్ర కనబడేట్టు" అన్నారు. ఆయన పంట మునిగిన రోజు అది. నాకు ఆ దృశ్యం గుర్తొస్తే ఈ రోజుకీ గొంతు పట్టుకుంటుంది.

ఆ ఫోటోలు తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి డ్రైనేజీ విభాగం నుంచి ఇంజినీరు వచ్చి మట్టాలు కొలిచారు. నవంబరులో నిర్ణయం మారింది. కాలువను ఆనుకున్న ఎకరం ఇరవై సెంట్లు తీసేస్తామన్నారు. మిగతా మూడెకరాల ఎనభై సెంట్లు మూడడుగులు మెరక చేస్తామని, కాలువ నీరు వెనక్కి తన్నకుండా తలుపున్న పెద్ద తూము కడతామని రాతలో ఇచ్చారు. ఆ రాత కాపీ చేతికి వచ్చాకే నేను సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాను. నా ముక్క మిగిలిన భాగంలోనే ఉంది, దాన్ని కాపాడుకోలేదు. కోర్టుకు వెళ్ళమన్నవాళ్ళున్నారు. బాబాయి చిన్న కొడుకు కుటుంబం చీర తెర వెనక ఉంటుండగా నేను కోర్టుకు వెళ్ళలేకపోయాను.

పరిహారం సంగతి క్లుప్తంగా. భూమికి మార్కెట్ విలువగా లెక్కకట్టిన మొత్తాన్ని పల్లె కాబట్టి 1.25తో హెచ్చవేసి, వచ్చినదానికి సొలేషియం పేరుతో, అంటే భూమి బలవంతంగా తీసుకున్నందుకు ఊరటగా, అంతే మొత్తం కలుపుతారు. అంటే 100 రూపాయల విలువకు 250. వినడానికి బాగుంటుంది. లెక్కకు ఆధారం కాగితాల మీద ఉన్న ధరలు కాబట్టి, నిజంగా ఊళ్ళో చేతులు మారే ధరకు అది అటూ ఇటూగా వచ్చి ఆగింది. నేను నష్టపోలేదు. నష్టపోయింది బాబాయి.

భూమి మీద ఆధారపడి బతికే కౌలుదారుని కూడా 2013 చట్టం బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది, మూడేళ్ళుగా అక్కడ చేస్తున్నట్లయితే. కానీ రుజువు కావాలి. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కార్డు వస్తుంది, దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆ ఏడాది బాబాయి ఫారం తెచ్చి అడిగారు. అందరూ పెట్టవద్దంటున్నారని, చూద్దాంలెండి అని నేను పెట్టలేదు. సంతకం పెడితే భూమి మీద హక్కు వచ్చేస్తుందన్న భయం మా ఊళ్ళో ప్రతి ఇంటా ఉంది. ఆ చట్టం కౌలుదారుకు భూమి మీద హక్కు ఇవ్వదని నాకు తెలిసి కూడా పెట్టలేదు. నేను చేసిన తప్పు అది, నాది మాత్రమే. పదకొండేళ్ళుగా ఆయనే సాగు చేస్తున్నారని విచారణలో నేను రాసిచ్చిన కాగితం ఫైలులో ఉండిపోయింది. ఏడాది ఆదాయం లెక్కగట్టి నా డబ్బులోంచి ఆయనకు ఇచ్చాను. ఆయన తీసుకున్నారు. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

డిసెంబరు 25న రాష్ట్రమంతటా పట్టాల పంపిణీ మొదలైంది. మా ఊరి వంతు ఆ తర్వాతి వారం. నన్ను కూడా పిలిచారు, వెళ్ళాను. అక్కడే నేను చేసిన పనికి రెండో ముఖం చూశాను.

ఎకరం ఇరవై సెంట్లు తగ్గేసరికి చెక్కలో 152 స్థలాలే పట్టాయి. మిగిలిన 34 కుటుంబాలకు మూడు కిలోమీటర్ల అవతల, పక్క ఊరి కాలనీలో ఇచ్చారు. ఆ 34లో గ్రామసభలో చేపల చెరువుల గురించి అడిగిన ఆవిడ కూడా ఉంది. పట్టా చేతిలో పట్టుకుని నా ముందుకు వచ్చి నిలబడింది. "టీచరు గారూ, మీరు రాసిన కాగితం వల్ల మాకు ఊరు పోయింది" అంది. కోపంగా కూడా అనలేదు. "నీళ్ళు వస్తాయని రాశారంట. మేము ఇప్పుడున్న పాకలోకీ నీళ్ళు వస్తాయి. మా ఊళ్ళో మేముంటే చాలనుకున్నాం."

నా దగ్గర జవాబు ఉంది. ఆ స్థలం నిజంగా మునుగుతుంది, ఫోటోలున్నాయి, ఇంజినీరు కొలతలున్నాయి. ఒక్కటీ పైకి చెప్పలేదు. నా వాదనలో తప్పు లేదు, దాని ఫలితం మాత్రం ఆవిడ మీద పడింది. మెరకను అడగగలిగిన చోట నేను సగం మాట మింగేశాను. ఆ మింగిన సగానికి మూడు కిలోమీటర్ల దూరం ఆవిడ నడుస్తోంది.

తర్వాత జరిగింది వేగంగా చెబుతాను. ట్రాక్టర్లతో మట్టి తోలారు. మూడడుగులన్నది కొన్నిచోట్ల రెండడుగులే అయింది. తూము కట్టడానికి ఏడాదిన్నర పట్టింది, దాని కోసం నేను ఇచ్చిన వినతి పత్రాలు ఏడు. ఇంటికి అప్పట్లో ప్రభుత్వం ఇచ్చింది 1.80 లక్షలు, 340 చదరపు అడుగుల నమూనా. మెరక చేసిన కొత్త మట్టిలో పునాది లోతుగా తీయాలి. ఇనుము ధర, సిమెంటు ధర తెలిసినవాళ్ళకు ఆ మొత్తం ఎక్కడిదాకా వస్తుందో తెలుసు. కొందరు పునాదుల దగ్గర ఆగిపోయారు. బాబాయి చిన్న కొడుకు గల్ఫ్‌లో ఉన్న బావమరిది దగ్గర అప్పు తెచ్చి 2023లో ఇల్లు పూర్తి చేశాడు. గృహప్రవేశానికి వెళ్ళాను. రెండు గదులు, వంటిల్లు, తలుపుకు పసుపు, గడపకు కుంకుమ. చీర తెర లేదు. కోడలు ఆ ఇంటిని నాకు మూల మూలా చూపించింది. కిటికీ తలుపు తెరిచి మూసి మళ్ళీ తెరిచింది. ఆ అమ్మాయి ముఖం చూశాక, ఈ పొలం ఇవ్వకుండా ఉండాల్సింది అన్న మాట నా మనసులో ఎప్పుడూ రాలేదు. బాబాయి వేరే ఊళ్ళో అరెకరం కౌలుకు తీసుకున్నారు, సైకిలు మీద పోయి వస్తారు.

వానలకు కాలనీలో వీధుల్లో నీరు నిలుస్తుంది, రెండో రోజుకు దిగుతుంది. తూము పనిచేస్తోంది. అయితే మూడెకరాల ఎనభై సెంట్లు మెరక అయ్యేసరికి అక్కడ పరుచుకోవాల్సిన నీరు ఇప్పుడు పైన ఉన్న పొలాల్లో ఆగుతోంది. గత సార్వాలో ఎగువ రైతు ఒకరు నాట్లు రెండుసార్లు వేశారు. మురుగు కాలువలో గుర్రపుడెక్క తీయించమని ఆయన, కాలనీవాళ్ళు కలిసి సంతకాలు పెట్టారు. రైతులూ కాలనీవాళ్ళూ ఒకే కాగితం మీద సంతకం పెట్టడం మా ఊళ్ళో నేను చూసింది అదే మొదటిసారి.

పక్క ఊరి కాలనీలో స్థలం వచ్చిన 34 మందిలో ఎక్కువమంది ఇల్లు కట్టలేదు. కూలి పని ఇక్కడ, పిల్లల బడి ఇక్కడ, అక్కడ కట్టి ఏం చేస్తారు? 2025లో పల్లెల్లో మూడు సెంట్ల చొప్పున ఇచ్చే కొత్త విధానం వచ్చిందని తెలిశాక, మొన్న ఒక ఆదివారం ఆవిడ మా ఇంటికి వచ్చింది. నేను పట్టా పంపిణీ రోజు తర్వాత ఆవిడతో ఎప్పుడూ కూర్చుని మాట్లాడలేదు. వరండాలో చాప వేస్తే కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. నాకు అది బాగుంది.

"దరఖాస్తు రాసి పెట్టండి. మా 34 మంది తరఫున. మళ్ళీ పల్లం చూపిస్తారు. ఈసారి మెరక ఎక్కడుందో మీరే రాయండి" అంది.

తెల్ల కాగితం తీశాను. తేదీ, గ్రామం, మండలం రాశాను. విషయం రాశాను. గ్రామంలో తారు రోడ్డు పక్కన ముంపు లేని భూమి ఉన్నదని, దానిని పరిశీలించమని రాశాను. ఆవిడ కాగితంలోకి వంగి చూస్తోంది. ఆవిడకు చదవడం వచ్చు.

"నంబరు?" అంది.

దస్తావేజులు తీయాల్సిన అవసరం లేదు. అన్నయ్య పొలం సర్వే నంబరు నాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. రాశాను.